కాపర్ టీ వేసి ఏడు వారాలు అయింది, నొప్పి తగ్గుతలేదు, అందరు ఓర్చుకో అంటున్నరు

ఎడమకాల్వ_పిల్ల
17 జనవరి 2025, రాత్రి 10.40

అందరికి నమస్తే. చానా రోజుల సంది ఇక్కడ చదువుడే గాని రాసుడు లేదు, ఇయ్యాల ఇగ ఆగలేక రాస్తున్న. మాది మిర్యాలగూడ పక్కన ఊరు, నాకు 26, ప్రైవేట్ బడిల టీచర్‌ను. బాబుకు ఏడాది రెండు నెలలు, సిజేరియన్. ఇంకో మూడేండ్లు వద్దనుకున్నం, గోలీలు నాకు పడవు, అందుకే నవంబర్ ఆఖరుల, కడుపు నిలవకుండ గర్భసంచిల పెట్టే కాపర్ టీ వేయించుకున్న. ఎక్కడ అని అడగకుండ్రి.

వేసే ముందు సిస్టర్ ఏమన్నదంటే చీమ కుట్టినట్టు ఉంటది అన్నది. చీమ కాదక్కా, లోపల ఏదో కొక్కెం ఏసి గుంజినట్టు, ఆ తర్వాత నాభి దాక ఒక్కటే మెలిక, కండ్లు బైర్లు కమ్మినయి, చెవులల్ల గుయ్యిమన్నది, చెమటలు పట్టి ఆ బల్ల మీదనే సోయి తప్పిన. లేచినంక "కాన్పు అయినదానివి, ఇంత కూడ ఓర్వలేవా" అన్నది. నాది పెద్దాపరేషన్, నాకు నొప్పులే రాలే అని చెప్దామనుకున్న గాని నోరు లేవలే.

ఇప్పుడు సంగతి ఏందంటే ఏడు వారాలాయె. మొదటి డేట్ తొమ్మిది రోజులు ఉన్నది, గడ్డలు గడ్డలు. అది అయినంక సుత పొత్తికడుపుల ఎడమ పక్క సూదులు గుచ్చినట్టు, బోర్డు మీద రాస్తుంటే ఒక్కసారి ఆగి టేబుల్ పట్టుకోవాల్సి వస్తుంది. సంక్రాంతికి ముగ్గు ఏద్దామని కూసుంటే లేవలేకపోయిన. అమ్మ అంటది మూడు నెలలు అందరికి ఉంటదే అని, అత్తమ్మ అంటది ఆ ఇనుప ముక్క తీసి పారేయ్ అని, మా ఆయన ఏమంటడంటే నీ ఇష్టం అంటడు, అది ఇంకా యాష్ట. మీల ఎవరికన్న గిట్లయిందా? ఎన్ని రోజులు చూసిండ్రు?


దేవరకొండ_వదిన
17 జనవరి, రాత్రి 11.05

చెల్లె పరేషాన్ కాకు. నాకు వేసి ఎనిమిదేండ్లు, అసలు ఉన్నదన్న సంగతే యాదికి ఉండదు. మొదటి మూడు నెలలు నాకు గూడ నరకమే, అప్పుడు పత్తి ఏరుడు మీద ఉన్నం, నడుముకు ఒడి కట్టుకొని వంగితే నడుం విరిగినట్టు, గుడ్డ మార్చుకోనీకె చేన్ల జాగ ఉండదు, అదొక తిప్పలు. నాలుగో నెలకు సల్లబడ్డది. ఏడిపించేది మొదట్లనే, తర్వాత హాయి.


మర్రిగూడ_మనిషి
17 జనవరి, రాత్రి 11.31

నాకు నడుం నొప్పి కాపర్ టీ వల్లనే అని రెండేండ్లకు తీయించుకున్న. తీసినంక కూడ నడుం నొప్పి అట్లనే ఉన్నది 😀 మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లం, ఏ నొప్పి దేనిదో ఎవరికి ఎరుక. ఇది జోక్‌కు చెప్తలేను, నిజంగనే తీయకముందు ఎముకల డాక్టర్‌కు చూపించుకుంటే అయిపోవు.


పాలమూరు_సిస్టర్
18 జనవరి, ఉదయం 6.15

నేను స్టాఫ్ నర్సును, ఇరవై ఏండ్ల సర్వీస్, నా చేతులతోని వందలల్ల వేసిన. నైట్ డ్యూటీ దిగి రాస్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

ముందుగాల చీమ కుట్టినట్టు అన్న మాట తప్పు. నేను కూడ మొదట్ల అన్న, ఒప్పుకుంటున్న, మాకు ట్రైనింగుల అట్లనే చెప్పిండ్రు, భయపెట్టొద్దు అని. లోపల ఏం జరుగుతదంటే గర్భసంచి మూతిని ఒక పట్టుకారుతోని పట్టి నిటారుగ గుంజుతం, అది ఒక నొప్పి. తర్వాత సన్నటి కడ్డీతోని లోతు కొలుస్తం, అది రెండోది. ఆ తర్వాత టీ లోపలికి పోయి రెక్కలు ఇప్పుకుంటది, గర్భసంచి కండరం కదా, బయటి వస్తువు రాంగనే బిగుసుకుంటది, అది మూడోది. మూతిని ముట్టుకుంటె కొందరికి వేగస్ నరం ద్వారా బీపీ, నాడి ఒక్కసారి పడిపోతయి, అందుకే సోయి తప్పుతరు. నాజూకుతనం కాదు అది, పహిల్వాన్‌కైనా పడిపోతది.

ఇంకోటి. మామూలు కాన్పు అయినోళ్లకు మూతి ఒకసారి తెరుసుకొని ఉంటది కాబట్టి నొప్పి కొంచెం తక్కువ. సిజేరియన్ అయినోళ్లకు, అందుల నొప్పులు రాకముందే కోసినోళ్లకు, ఆ మూతి కన్య లెక్కనే ఉంటది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల చూడండ్రి, మన తెలంగాణల కాన్పులల్ల 60 శాతం పైన సిజేరియన్లే. అంటే మా దగ్గరికి వచ్చేటోళ్లల్ల చానా మందికి "కాన్పు అయినదానివి" అన్న మాటే వర్తించదు.

ఇగ నీ సంగతికి వస్తె చెల్లె. డేట్ల ఎక్కువ పోవుడు, మెలికలు మూడు నుంచి ఆరు నెలల దాక రాగి దానితోని ఉంటయి, అది నిజమే. కాని డేట్ లేని దినాలల్ల ఒక్క పక్కనే గుచ్చినట్టు, పట్టుకొని నిలవడేంత అంటే అది "అందరికి ఉండేది" ల కలిపెయ్యొద్దు. నిన్ను ఆరు వారాలకు మళ్ల రమ్మన్నరా? టీకి ఉండే దారాలు చూసిండ్రా? జ్వరం ఉందా, తెల్లబట్ట వాసన వస్తుందా? నీకు ఇచ్చిన కార్డు మీద టీ రకం 380ఏ అని ఉందా 375 అని ఉందా?


ఎడమకాల్వ_పిల్ల
18 జనవరి, ఉదయం 7.50

సిస్టర్ మీ మెసేజ్ చదువుకుంట ఏడుపు వచ్చింది నిజంగ. మళ్ల రా అని ఎవరు చెప్పలే. జ్వరం లేదు, వాసన లేదు. కార్డుల 380ఏ. దారాలు నేనే చూసుకోవాల్నా? ఎట్ల?


పాలమూరు_సిస్టర్
18 జనవరి, ఉదయం 8.10

చేతులు సబ్బుతోని కడుక్కొని, గొంతుకు కూసొని, వేలు లోపలికి పెడితె మూతి ముక్కు కొస లెక్క తాకుతది, అందులకెల్లి రెండు సన్నటి దారాలు. తాకినయా లేదా అంతే, గుంజొద్దు. దారం కాకుండ గట్టిగ ప్లాస్టిక్ కొస తాకిందంటే అది కిందికి జారుతున్నట్టు. దారాలే తాకకపోతే కూడ డాక్టర్ దగ్గరికి. నేను నొప్పికి గోలీ పేరు రాస్తె ఇక్కడ అందరు ఏసుకుంటరు, నువ్వు బాబుకు పాలు ఇస్తుంటె డాక్టర్‌ను అడుగు. రక్తం గోలీలు మాత్రం ఆపకు, గడ్డలు గడ్డలు పోతె రక్తం ఎంత ఉంటది ఒంట్ల.


నారాయణపేట_కోడలు
18 జనవరి, మధ్యాహ్నం 1.20

నా కథ ఇంకో రకం. మేము పూణెకు పోతం సెంట్రింగ్ పనికి, దసరాకు పోయి ఉగాదికి వస్తం. రెండో కాన్పు మామూలుది, ఒక సర్కారు దవాఖానల. కాన్పు అయినంక మాయ పడంగనే ఏదో పెట్టిండ్రు, ఏందో కాయితం మీద వేలిముద్ర తీసుకున్నరు, నొప్పుల మీద ఉన్న నాకేం సమజైతది. పూణెల ఆరు నెలలకు కడుపునొప్పి, ఇటుకలు మోయలేక పోతున్న, ఆడ డాక్టరమ్మ స్కానింగ్ తీసి "తాంబీ ఆహే" అన్నది, నాకు తాంబీ అంటే ఏందో తెల్వది, తాంబేలు అనుకొని కడుపుల తాబేలు ఉందా అని భయపడ్డ 😭 పక్క గుడిసెల లాతూరామె చెప్పింది, కాపర్ టీ అని.

ఇప్పుడు నవ్వు వస్తది గాని అప్పుడు మస్తు కోపం వచ్చింది. వద్దనేదాన్ని కూడ కాదు. అడిగితే సరే అనేదాన్ని. చెప్పాలె కదా.


పాలమూరు_సిస్టర్
18 జనవరి, మధ్యాహ్నం 3.02

చెప్పాలె. కాన్పుకు ముందే, నెలల చెకప్‌లకు వచ్చినప్పుడే అడిగి రాసుకోవాలె, నొప్పుల మీద ఉన్నప్పుడు కాదు, రూల్ కూడ అదే. మాయ పడ్డ పది నిమిషాలల్ల వేసుడు మంచి పద్ధతే, మూతి తెరుసుకొని ఉంటది కాబట్టి వేరే నొప్పి పెద్దగ తెల్వది, మళ్ల దవాఖానకు రానవసరం లేదు. కాని గట్ల వేసినవి జారి పడిపోవుడు కొంచెం ఎక్కువ, కాబట్టి మళ్ల చూపించుకోవాలె, పూణె పోయినోళ్లకు అదెట్ల అయితది, మా లెక్కలల్ల "ఫాలో అప్ రాలేదు" అని రాస్తం, ఎందుకు రాలేదో రాసే కాలమ్ ఉండదు.


రిటైర్డ్_టీచరమ్మ_నల్గొండ
18 జనవరి, సాయంత్రం 5.45

పిల్లలూ, మీకు లూప్ కథలు తెలియవు. 1965లో గవర్నమెంట్ దేశమంతా ప్లాస్టిక్ లూప్ పెట్టించింది, పాములాగా మెలికలు తిరిగి ఉండేది, లిప్పీస్ లూప్ అంటారు. మా మేనత్తకు పెట్టారు. రక్తం పోతే ఎవరికి చెప్పాలో తెలియదు, వేసిన వాళ్లు జీపు ఎక్కి వెళ్లిపోయారు. అది గుండెకు ఎక్కుతుందని ఊరంతా పుకారు. మా మేనత్త పడుకున్నప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకొని చూసుకునేదట, వచ్చిందా అని.

గుండెకు ఎక్కదమ్మా, గర్భసంచికి గుండెకు దారి లేదు. కానీ పుకారు ఊరికే పుట్టలేదు. నొప్పి అంటే వినేవాళ్లు లేకపోతే మనుషులు దానికి ఏదో ఒక కథ కడతారు.


జడ్చర్ల_అన్న
18 జనవరి, రాత్రి 9.15

ఆడోళ్ల దాంట్ల మాట్లాడుతున్న అనుకోకుండ్రి, నాకు ఒక డౌట్. మా ఇంటామెకు వేసిండ్రు, నాకు ఆ దారం గుచ్చుతుంది. తీసేయమంటె బాగుంటదా?


దేవరకొండ_వదిన
18 జనవరి, రాత్రి 9.22

అయ్యో పాపం అన్నకు గుచ్చుతుందట 😂 ఎవరన్న అంబులెన్స్ పిలువుండ్రి


పాలమూరు_సిస్టర్
18 జనవరి, రాత్రి 9.40

నవ్వకు వదినా, అడిగిండు మంచిదే. అన్నా, దారం కొత్తల గట్టిగ ఉంటది, కొన్ని రోజులకు మెత్తబడి మూతి చుట్టు చుట్టుకుంటది. అప్పటికి గుచ్చితె డాక్టర్ దారం కొస కత్తిరిస్తరు, ఐదు నిమిషాల పని. అది కూడ వద్దు అనుకుంటె మగోళ్లకు కోత కుట్టు లేని వేసెక్టమీ ఉంది, పిల్లలు చాలు అనుకున్నంకనే సుమా, పొద్దుగాల పోయి పొద్దుగాలనే ఇంటికి రావొచ్చు, ఆడోళ్ల ఆపరేషన్ కంటె చిన్నది. నా సర్వీసుల దానికోసం వచ్చిన మగోళ్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.


జడ్చర్ల_అన్న
18 జనవరి, రాత్రి 9.44

దారం కత్తిరిపిస్త సిస్టర్.


బీచుపల్లి_భక్తుడు
19 జనవరి, ఉదయం 10.30

మా అమ్మ ఏడుగురిని ఇంట్లనే కన్నది, గోలీ లేదు సూది లేదు. ఇప్పుడు ఒక చిన్న ముక్కకు ఇంత లొల్లి. ఫోన్లు చూసి నాజూకు అయిండ్రు.


సూర్యాపేట_శ్రీమతి
19 జనవరి, ఉదయం 11.12

మీ అమ్మను ఎప్పుడైనా అడిగినవా నొప్పి అయిందా అని? అడిగి వచ్చి ఇక్కడ రాయి, మేం చదువుతం.

చెల్లె, నేను వేరే రకం వేయించుకున్న, రాగిది కాదు, హార్మోన్ ఉండేది, మిరెనా. నాకు 43. డేట్ల ఎంత పోతుండె అంటే స్కూటీ సీటు మీద టవల్ ఏసుకొని పోయేదాన్ని, రక్తం 7కు పడ్డది. ఇద్దరు డాక్టర్లు గర్భసంచి తీసేద్దాం అన్నరు, మా వీధిల ముప్పై అయిదేండ్లకే తీయించుకున్నోళ్లు నలుగురు ఉన్నరు, వాళ్ల మోకాళ్లు వాళ్ల ఒంటి వేడి చూసి నాకు భయం అయింది. మూడో డాక్టరమ్మ, ముందు ఇది వేసి చూద్దాం అన్నది. అందుల 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటది, దినాం కొంచెం కొంచెం గర్భసంచి లోపలనే విడుస్తది, పొర పలచబడి డేట్ తగ్గుతది. సర్కారుల ఉచితంగ ఇచ్చే కాపర్ టీ లెక్క కాదు, వేలల్ల అయింది.

కాని నేను నాలుగు నెలలు చుక్క చుక్క మరకలతోని సతమతం అయిన, అది కూడ ముందు చెప్పలే ఎవరు. ఐదో నెల నుంచి డేటే రావట్లే. వేసేటప్పుడు మూతికి మత్తు సూది ఇచ్చింది, ఆ సూది గుచ్చుడు ఒక నొప్పి, తర్వాత లోపల గుంజినట్టు తెలిసింది గాని ఓర్చుకునేటట్టే ఉండె. నేను అడగలే, ఆమెనే ఇచ్చింది. ఇవ్వొచ్చు అని నాకు అప్పటిదాక తెల్వనే తెల్వదు.


డాలస్_నుండి_నకిరేకల్
19 జనవరి, రాత్రి 8.05

మత్తు సూది గురించి చెప్తా. ఇక్కడ అమెరికాలో సీడీసీ అనే సర్కారు ఆరోగ్య సంస్థ వాళ్లు 2024 ఆగస్టులో గైడ్‌లైన్స్ మార్చారు, వేసే ముందు నొప్పి గురించి పేషెంట్‌తో మాట్లాడాలి, లిడోకైన్ మత్తు ఉపయోగపడొచ్చు అని రాశారు. 2024లో! ఇక్కడ కూడా అంతకుముందు రెండు గోలీలు వేసుకొని రా అనేవాళ్లు, నాకు 2018లో అంతే. ఇంగ్లండ్‌లో బీబీసీ యాంకర్ నాగా ముంచెట్టి 2021లో రేడియోలో చెప్పింది, నొప్పికి రెండుసార్లు స్పృహ తప్పానని. కాబట్టి ఎడమకాల్వ చెల్లీ, అది మీ ఊరు దవాఖాన అని, పల్లెటూరు అని అనుకోకు, అంతటా ఇదే కథ.


పాలమూరు_సిస్టర్
19 జనవరి, రాత్రి 9.30

కరెక్ట్. ఒక మాట కలుపుత, ముందుగాల ఐబుప్రొఫెన్ ఏసుకుంటె వేసేటప్పటి నొప్పికి పెద్దగ ఫాయిద లేదని తేలింది, తర్వాత వచ్చే మెలికలకు మాత్రం పనిచేస్తది. మా దిక్కు పీహెచ్‌సీలల్ల మత్తు సూది ఇచ్చి కాపర్ టీ వేసుడు నేనైతే చూడలే. ఒక్క పొద్దుగాల పదిహేను మంది లైన్ల ఉంటరు. అది సాకు అంటరా, సాకే.


ఎడమకాల్వ_పిల్ల
20 జనవరి, రాత్రి 7.55

అప్డేట్. ఇయ్యాల సెలవు పెట్టి నల్గొండ పోయిన. బాబును అమ్మ దగ్గర ఇడిసి, ఆధార్ కార్డు చూపించి ఫ్రీ బస్సు, సీటు దొరకలే, ఎడమ పక్క చెయ్యి పెట్టుకొని నిలవడే పోయిన.

పోయే ముందు సిస్టర్ చెప్పినట్టు చూసుకున్న, నాకు ఏదో గట్టిగ తాకింది, అదే చెప్పిన డాక్టరమ్మకు. స్కానింగ్ తీసింది. టీ కిందికి జారి సగం గర్భసంచి మూతిల ఇరుక్కున్నదట, ఒక రెక్క పక్కకు గుచ్చుకొని ఉన్నదట. "నువ్వు ఏడు వారాలు దీంతోని బడికి పోయినవా" అన్నది. అంతే, ఆ ఒక్క మాటకు నాకు దుఃఖం ఆగలే. మొదటి ఏడాదిల వందల రెండు నుంచి పది మందికి గిట్ల జారుతది, నీ తప్పు లేదు, ముగ్గులు ఏసినందుకు కాదు, బరువు లేపినందుకు కాదు అని చెప్పింది. అత్తమ్మ ఏమో బిందె ఎత్తినవు అందుకే అని వారం నుంచి అంటుండె.

అక్కడనే తీసేసింది. దగ్గు అన్నది, దగ్గిన, అయిపోయింది. వేసినదానితోని చూస్తె ఏం లేదు నొప్పి. చేతిల పెట్టి చూపించింది, ఇంతంత ఉంది, నా చిటికెన వేలంత లేదు, రాగి తీగ చుట్టి తెల్ల ప్లాస్టిక్. దీనికా నేను ఇన్ని రోజులు అనిపించింది.

ఇంటికి వచ్చి పడుకున్న. ఎడమ పక్క ఇంకా కొంచెం గుంజుతుంది గాని ఆ సూది లేదు. కాని ఇప్పుడు కొత్త పరేషాన్, జారింది అంటున్నరు కదా, ఈ ఏడు వారాలు అది పనిచేసిందా లేదా?


పాలమూరు_సిస్టర్
20 జనవరి, రాత్రి 8.20

మంచి పని చేసినవు. మూతిలకు జారితె దాని మీద భరోసా పెట్టుకోవద్దు. డేట్ ఒక్క రోజు తప్పినా మూత్రం టెస్ట్ చేసుకో. ఇప్పటి సంది కండోమ్, ఈ రాత్రి నుంచే, తీసిన రోజు నుంచే కడుపు నిలవొచ్చు. మళ్ల కావాల్ననుకుంటె కొత్త టీ వేయించుకోవచ్చు, ఒకసారి జారిందని వద్దు అనేం లేదు, కాకపోతే మళ్ల జారే ఛాన్స్ మిగతావాళ్ల కంటె కొంచెం ఎక్కువ. అది వద్దంటే అంతర సూది, మూడు నెలలకోసారి, లేదంటె ఛాయ గోలీ, హార్మోన్ లేదు, పాలిచ్చేటోళ్లు ఏసుకోవచ్చు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. రెండూ సర్కారుల ఉచితమే. గోలీలు పడవు అన్నవు కదా, ఏ గోలీలు పడలేదో డాక్టర్‌కు చెప్పి అడుగు.


ఎడమకాల్వ_పిల్ల
20 జనవరి, రాత్రి 8.41

మళ్ల టీ అయితె వద్దు సిస్టర్ ఇప్పట్ల. మా ఆయనకు మీ మెసేజ్ చూపిచ్చిన. "నీ ఇష్టం" అనలే ఈసారి, మెడికల్ షాపుకు పోయిండు.


మర్రిగూడ_మనిషి
20 జనవరి, రాత్రి 9.02

👏 అన్నకు శాలువ కప్పుదాం


కల్వకుర్తి_కొత్తామె
21 జనవరి, ఉదయం 9.15

అక్కలూ నాకు గురువారం వేస్తమన్నరు. ఇదంత చదివి వద్దు అనిపిస్తుంది. పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ అంటే మా ఇంట్ల ఇంకా భయం, 2022ల ఇబ్రహీంపట్నంల 34 మందికి చేస్తె నలుగురు చనిపోయిండ్రు కదా, అప్పటి సంది మా అత్త ఆపరేషన్ పేరు ఎత్తనియ్యది. ఏం చెయ్యాల్నో సమజైతలేదు.


దేవరకొండ_వదిన
21 జనవరి, మధ్యాహ్నం 12.40

పో చెల్లె, భయపడకు. ఇక్కడ నొప్పి అయినోళ్లే ఎక్కువ రాస్తరు, నా లెక్క మర్చిపోయినోళ్లు రాయరు, వాళ్లకు ఏం పని. ఎవరినన్న తోడు తీసుకపో, తిని పో, వేసినంక పదిహేను నిమిషాలు పడుకునే లే. మత్తు ఉందా అని అడుగు, అడిగితే కొట్టరు. మధ్యల ఆపమంటె ఆపాలె అని ముందే చెప్పు.


పాలమూరు_సిస్టర్
21 జనవరి, మధ్యాహ్నం 2.10

వదిన చెప్పింది నా నోటి మాట. మళ్ల ఎప్పుడు రావాల్నో తారీఖు కార్డు మీద రాయించుకో. జ్వరం, వాసన, ఆగని నొప్పి, డేట్ తప్పుడు, ఏది అయినా ఆ తారీఖు దాక ఆగకు.

వదినా, నిన్ను మొన్ననే అడుగుదాం అనుకున్న, ఎనిమిదేండ్లు అన్నవు కదా. నీది ఏ రకం? 380ఏ అయితె పదేండ్లు. 375 అయితె ఐదేండ్లే.


దేవరకొండ_వదిన
21 జనవరి, రాత్రి 8.30

కార్డు ఏడ పెట్టిన్నో ఏందో సిస్టర్, దేవుతున్న.


దేవరకొండ_వదిన
22 జనవరి, ఉదయం 6.50

దొరికింది. పట్టాదారు పాసుబుక్కుల మడత పెట్టి ఉన్నది. 375 🤦‍♀️

మూడేండ్ల సంది ఉత్తదే మోస్తున్నట్టా నేను? మా ఆయనకు చెప్తె నవ్వుతుండు, నాకు నవ్వు వస్తలేదు. ఇయ్యాల యూరియా బస్తాల కోసం లైన్ల నిలవడాలె, రేపు పోత దవాఖానకు. కల్వకుర్తి చెల్లె, నువ్వు పోయేది కూడ రేపే కదా.